ప్రణయ్ కోతుల మిషన్

చొప్పదండిలో ఇంటి ముందున్న గద్దె మీద కూర్చొని అక్క నవనీతకు ఫోనులో ఫొటోలు చూపిస్తున్నాడు ప్రణయ్. ఇంట్లోనే సర్క్యూట్లు, మిషన్లు చేసుకునే సరదా ఉన్నవాళ్లంతా నిన్న కరీంనగర్‌లో కలిశారు. వాడూ కోతుల్ని తరమడానికి చేసిన తన మిషన్ పట్టుకొని పోయి వచ్చాడు.

"...ఇప్పుడు కరీంనగర్ల మందుకు గూడ ఒక్క కోతి దొరకదక్కా. నా మిషన్ ఒర్రుడు షురూ చేసిందో లేదో, అన్ని గోదారి దాటినయి. చెన్నూరుల లాడ్జీలన్ని నిండిపోయినయట."

"మరి గీ ఫొటోల టేబుల్ మీద కూసున్నదేందిరా?"

"ఏది, గదా? గది మా దోస్తు ఫయాజ్ వాళ్ల తమ్ముడు. జర పొట్టిగ ఉంటడు."

"తోక ఉంది."

"తోక కాదక్కా, వైరు. చార్జింగ్ పెట్టిన్రు."

"ఫయాజ్ తమ్మునికా?"

"నువ్వు ముందటి ఫొటో సూడు."

"ఆగు. నిజం చెప్పురా. చేన్ల మక్కకంకులు పాలు పట్టినయి. పోయినేడు కోతులు పడి గింజ మిగల్లే. నీ మిషన్ పనిజేస్తదంటేనే బాపు గీయేడు కావలి బంద్ పెడ్తనన్నడు."

"పనిజేస్తదా అంటవేంది? గిది సూడు. హాలంత కుర్చీలెక్కి నిలబడ్డది. గసొంటి మర్యాద పెండ్లికొడుక్కు గూడ చెయ్యరు."

"గీ ఆంటీ చెప్పు చేతుల పట్టుకున్నదేంది?"

"లేసే తొందరల తొడుక్కోలే, పాపం."

"మీట్ పెట్టిన చొక్కారావు సారు గీయనే గదా? ఏడుస్తుండేందిరా?"

"సంతోషం."

"ఈయన సొంతంగ డ్రోన్ చేసిండంటివి, ఏది మరి?"

"ఎగురుతుందక్కా. బగ్గ మీదికి పోయింది."

"కిటికీల కూసొని కొరుకుతుండు గదరా, ఫయాజ్ ఇంకో తమ్ముడు!"

"...గట్టిదా కాదా అని టెస్ట్ చేస్తుండు."

"గీ ఆఖరి ఫొటోల నువ్వెక్కడున్నవ్?"

"టేబుల్ కింద."

"ఎందుకు?"

"స్క్రూ పడ్డది."

"నీతోపాటు ఇంకా ఆరుగురున్నరు."

"పెద్ద స్క్రూ అక్కా."

"పోనీ తియ్. నాకేం ఫికర్ లేదు. నీ స్టేటస్‌ల కుర్చీల ఫొటో సూసి బాపైతే మస్తు ఖుషి. పొద్దుగాల్నే నీ మిషన్ సంకల పెట్టుకొని చేనుకు పోయిండు."

"ఏంది?"

"మిషన్. చేనుకు."

"ఊకెనే పెట్టిండా? ఆన్ జేసిండా?"

"ఆన్ జేసిండు. సౌండు గూడ ఫుల్లు పెట్టిండట. ఏందిరా, గట్ల చెమటలు పట్టినయి?"

"బండి తాళంచెవి ఏది? అక్కా, తాళంచెవి!"

"చెప్పేదాంక ఇయ్య. నీ మిషన్ల ఏం ఒర్రుతది?"

"కోతులే."

"కోతుల అరుపుకు కోతులు భయపడ్తయా?"

"భయపడి ఒర్రే అరుపైతే భయపడ్తయక్కా. కొండగట్టుకు పోయి కోతులు ఒర్రుతుంటే రికార్డ్ చేసిన. పానం పోతున్నట్టే ఒర్రినయి, ఒట్టు!"

"మంచిదే గదరా?"

"నిన్న మీట్లనే ఎరుకైంది, అవి భయపడలే అక్కా... ఎవరో కొబ్బరి చిప్పలు ఏసిపోయిన్రు. తిందాం రాండ్రని చుట్టాలనందరిని పిలుస్తున్నయి!"