దైవాశీర్వాదం గారి పోలీసు లైసెన్సు

"లాయర్ ఎందుకయ్యా రవికుమార్, దండగ! రేపు పొద్దున స్టేషన్‌కి వెళ్ళు, లై డిటెక్టర్ కుర్చీలో కూర్చో, హాస్పిటల్లో పోయిన మందులు నేను తియ్యలేదని చెప్పు, ఇంటికొచ్చేయ్. ఆ మెషీన్ సంగతి నన్నడుగు. నేను లైసెన్స్ ఉన్నవాణ్ణి!"

ఆదివారం ఆరాధన అయ్యాక, మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి పోర్చ్ మీద దైవాశీర్వాదం గారు మొదలెట్టారు. ఆ మందుల కేసులో పోలీసులు రమ్మన్నది రవికుమార్‌నే. ఆ హాస్పిటల్ ఫార్మసీలో ఉద్యోగం పోతే అతని వీసా పోతుంది. పక్కన అతని భార్య నళిని కూర్చుంది. ఆమె నర్సు.

"మీకు లైసెన్సా?" అన్నాను.

"పంతొమ్మిది వందల ఎనభైలోనే, జోసఫ్! పోలీసులకైనా ఊరికే ఇస్తారా? నెలల తరబడి స్కూలు, ఆపైన లైసెన్స్ ఉన్నవాడి చేతికింద పని, ఆపైన పరీక్ష. నాకు స్కూలు ఒక్క పూటే. మధ్యాహ్నానికి మాస్టారే నన్నడిగి రాసుకుంటున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి కేసు కార్ల దొంగ. నాడి చూసే పట్టీలు చేతికి కట్టి 'ఊఁ' అన్నానంతే. కార్లతోపాటు చిన్నప్పుడు పక్కింట్లో కోసిన ఆపిల్ పండు కూడా ఒప్పేసుకున్నాడు! రెండోవాడు మెషీన్‌నే బుట్టలో వేశాడు. నాకు ఒళ్ళు మండి ఇంకో మెషీన్ తెప్పించి, దాని పట్టీలు దీనికి కట్టాను. గీతలు గీసే ముల్లు గిలగిల కొట్టుకుని, తప్పు రాశానని మెషీనే నోరు తెరిచి ఒప్పుకుంది!"

"తెలుగులోనా?"

"ఇంగ్లీషులోనే, ఏడుస్తూ! ఈనాటికీ నేను కార్లో పోతుంటే మిషిగన్ స్టేషన్లన్నిట్లో ముళ్ళు అటెన్షన్‌లో నిలబడతాయి."

ఎవరూ నవ్వలేదు. రవికుమార్ కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాడు.

"నేను తియ్యలేదు అన్నయ్యా. నిజం చెప్తే మెషీన్‌కి తెలుస్తుందిగా?"

"నాదీ పూచీ!"

"లైసెన్స్ ఇచ్చేముందు మిమ్మల్నీ ఆ కుర్చీలో కూర్చోబెట్టారా అన్నయ్యగారూ?" అంది నళిని.

"కూర్చోబెట్టకుండా ఇస్తారామ్మా? మా నిజాయితీ చూడొద్దూ? ముల్లు కదిలితే ఒట్టు!"

నళిని లేచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పండి. మీకు లైసెన్స్ ఉందా?"

"ఉందమ్మా!"

"మెషీన్‌కి మెషీన్ కట్టారా?"

"నా చేతుల్తో కట్టాను!"

రెండో చేత్తో మొగుడి మణికట్టు అందుకుంది. "ఏమండీ, ఆ మందులు మీరు తీశారా?"

"లేదు నళినీ. దేవుడి తోడు, లేదు."

కాసేపు ఇద్దరివీ పట్టుకునే నిలబడింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అన్నయ్యగారి నాడి నిద్రపోతోంది. నిజం చెప్పిన మీది పరిగెడుతోంది," అంది. "రేపు మీరు ఆ కుర్చీలో కూర్చోవద్దు. జోసఫ్ అన్నయ్యా, ఫోన్ ఎక్కడుంది? లాయర్‌తో మాట్లాడాలి."