కుట్లు విప్పిన అక్క

ఎవరి పొట్ట చూసి నవ్వుతున్నావురా? నవ్వకు. మా బావదీ అలాగే ఉండేది. మా అక్క మొగుడు, బస్సు డ్రైవరు. అక్కేమో టైలరు, ఇంటి ముందుగదిలోనే మిషను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మరీ ఆయనతో పోట్లాడేది, ఒక్కటీ జారేది కాదనుకో. ఏం చెప్తున్నాను... ఆ, పొట్ట. బావకి కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం ముందుకొస్తూ ఉండేది. డిపోలో ఒకటే వేళాకోళం, స్టీరింగు నువ్వు తిప్పుతున్నావా నీ పొట్ట తిప్పుతోందా అని. పాపం, చిన్నబుచ్చుకునేవాడు. అది చూడలేక అక్క ఏం చేసేదనుకున్నావ్? ఆయన డ్యూటీకెళ్లగానే చొక్కాలకి పక్క కుట్లు విప్పి, కాస్త కాస్త వదులు చేసి, ఇస్త్రీ పెట్టి, ఏమీ ఎరగనట్టు మేకుకి తగిలించేది. ఆయనేమో నిరుటి చొక్కా ఇప్పటికీ పడుతోంది చూడరా బామ్మర్దీ, నేనెక్కడ లావయ్యాను అని నా దగ్గర మురిసిపోయేవాడు. చివరికి రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందంటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. సర్జను ఒకావిడ, పొట్టిగా, చేతులు మాత్రం పెద్దవి. పొట్ట నొక్కి చూసి, బట్టలు ఎప్పట్నించి బిగుతయ్యాయి అంది. అస్సలు కాలేదమ్మా అన్నాడు బావ, ఎంత ధీమాగానో. అక్క గోడ వైపు తిరిగిపోయి, "నేనే విప్పుతూ వచ్చానండీ, రెండేళ్లుగా" అంది.

స్కానులో తేలింది. పేగుల వెనకాల కొవ్వులో ఇంత గడ్డ, ఎడమ కిడ్నీని చుట్టేసుకుని. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సరని వచ్చింది. ముక్కలు చేసి తీస్తే మళ్లీ మొలుస్తుంది, కిడ్నీతో సహా ఒక్కసారే తీసేయాలి, ప్రాణానికి హామీ ఇవ్వలేనందావిడ. ముందే వచ్చుంటే కిడ్నీ దక్కేదా అని అక్క అదే పనిగా అడిగింది. ఆవిడ అబద్ధమాడలేదు, దక్కేదేమో అంది. పొద్దున లోపలికి తీసుకెళ్తే సాయంత్రానికి తెచ్చారు. తొమ్మిది కిలోలట గడ్డ! బావకి తెలివొచ్చాక కూడా అక్క దగ్గరికెళ్లలేదురా, గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆయనే పిలిచాడు. "ఇకమీదట బిగుతుగా కుట్టవే" అన్నాడు. కుట్టింది మరి! గుండీ పెట్టాలంటే ఊపిరి బిగబట్టాలి, తిట్టుకుంటూనే పెట్టుకునేవాడు. కొన్నేళ్లకి ఓ రోజు కింది గుండీ పడలేదు. ఆ పూటే అక్క ఆస్పత్రికి లాక్కెళ్లింది. మళ్లీ గడ్డే, ఈసారి కొబ్బరికాయంతే, తేలిగ్గా తీసేశారు. ఇంతా చేసి ఆయనకంటే అక్కే ముందు పోయింది, నిద్రలో. ఆ తర్వాత బావ కొట్లో చొక్కాలు కొనేవాడు, అన్నీ వదులువే. అదేంటి బావా, బిగుతువి తీసుకో అంటే, "బిగుతైతే చూసేదెవర్రా" అని...

ఆ కిటికీ వేసెయ్, జల్లు లోపలికొస్తోంది.