నిరంజన్ పోసిన నీళ్లు

ఏందే గీతా, యూరియ తెచ్చి మొదట్లనే గుమ్మరిస్తున్నవ్? మాడిపోతది పిల్లా. జానెడు దూరంల గుంట తీసి మాగిన మేకపెంట వెయ్యి, సాలు. పుచ్చతీగ సంగతి మా మరిది నిరంజన్‌ను అడగాలె. ఇంకేడున్నడు లే, నువ్వు గీ ఇంటికి కోడలై రాకముందే పాయె. నా చేతులల్ల పెరిగినోడు. ఆ నీళ్ల బకెట్ జర పక్కకు పెట్టి కూసో.

కిడ్నీలు ఖరాబైనయి వానికి. ఆటోల గద్వాల దవాఖానకు పోయి రక్తం కడిగిచ్చుకొని వస్తుండె. డాక్టరమ్మ ఏమన్నది, 'దినాం ఒక్క చెంబు నీళ్లే తాగాలె, ఎక్కువైతే ఒంట్లనే నిలుస్తయి' అన్నది. మన దిక్కు ఎండలు నీకు ఎరుకేనాయె! వాని పెండ్లాం తిరుపతమ్మ నీళ్లకుండ తీస్కపోయి అర్రల పెట్టి తాళమేసె. తాళంచెవి కొంగుకు ముడేసుకునె. పక్కింటి సుగుణమ్మ ఊకుంటదా, 'మొగనికి గుక్కెడు నీళ్లియ్యదు, అది గుండెనా బండనా' అని మూతి తిప్పుకుంట వాడకట్టంత చెప్పె. తిరుపతమ్మ ఏమన్నా పట్టిచ్చుకున్నదా? దానికి వాడు బతకాలె, గంతే.

వాడు ఏ పనీ చాతగాక పెరట్ల పుచ్చతీగ పెట్టిండు. పొద్దుగాలనే పాదు కాడ కూసొని చెంబుతోని పోస్తుండె. మన్ను పీల్చుకుంటుంటె కండ్లార్పకుండ సూస్తుండె. 'వదినా, ఎంత తాగుతుందో సూడు, దీన్ని ఎవరూ ఏమనరు' అని నవ్వుతుండె. తిరుపతమ్మ గడపల కూసొని వాని నోటి దిక్కే సూస్తుండె, దొంగకు కావలి కాసినట్టు. వాడు ఒక్క గుక్క దొంగతనంగ తాగలే. కాయ పక్వానికొస్తే నీళ్లు ఆపాలె గదా, అప్పుడే తీపెక్కుతది. ఆ దినం చెంబు బోర్లేసి, 'ఇగ దీనికీ బందే' అనె.

కాయ వాడే కోసిండు. ఎర్రగ, వాసన ఇల్లంత. పసిపిల్లగాని లెక్క చెయ్యి సాపి, 'తిరుపతీ, ఒక్క ముక్క. నమిలి ఊంచేస్త' అనె. అది ఏడ్సుకుంటనే, 'ఇయ్య, నువ్వు బతకాలె, ఇయ్య' అని తాంబాలం ఎత్తుకపోయి వాడకట్టంత పంచొచ్చె. వాడు చేతికంటిన రసం దిక్కు జరసేపు సూసి, అంగీకి తుడుసుకున్నడు.

ఆ వారంలనే నిద్రల పాయె. ఎత్తేముందు అందరం నోట్లె తలా చుక్క నీళ్లు పోసినం. తిరుపతమ్మ వంతొచ్చె. లేసి కొంగుముడి విప్పింది. అర్ర తాళం తీసి కుండనే చంకనెత్తుకొచ్చింది. పోస్తుంది, పోస్తుంది, చెంపల మీంచి, మెడ మీంచి కారుతుంది, ఆపదు. 'తాగు నిరంజనా, ఇప్పుడు తాగు, నిండ తాగు' అంటది. మేం చేతులు పట్టుకున్నా ఆపలే పిల్లా, కుండ ఒట్టిదైనదాక...

లే, లే. ఆ బకెట్ ఇటియ్యి. పొద్దెక్కుతుంది.