బండిని జోడు కట్టిన నాసరమ్మ

నాసరమ్మ ఉందే, ఆమె మోటారు సైకిలుకి మువ్వల పట్టెడ కట్టిందంట. ఎద్దు మెడలో కడతామే, ఆ పట్టెడ. నవ్వకండి, ముందు వినండి. ఆమె మొగుడు ఈరయ్య. వాళ్లకి రెండెద్దులు, నల్లోడు, ఎర్రోడు. ఆ జోడుతోనే రాళ్లచేను దున్ని మనుషులయ్యారు. రాళ్లచేను దున్నడమంటే ఏందో మీకేం తెలుసురా, నా అరచేతులు చూస్తే తెలుస్తది. సరే, ఏమైందంటే, ఎండాకాలం చివర్లో నల్లోడిని పాము కరిచింది. పోయాడు. అప్పట్నించీ ఎర్రోడు మేత ముట్టలేదంట, కుడితి ముట్టలేదంట, పక్కన నల్లోడు మేత తినే గాడి ఖాళీగా ఉంటే దాని వైపే చూస్తా పడుకున్నాడంట. ఈరయ్య చూస్తే గడ్డివామి మీంచి జారిపడి, కాలికి కట్టుతో మంచంలో ఉన్నాడు. ఏరువాక పున్నమికి వీడు లేచి నడిచాడా సరే, లేకపోతే బేరగాడికి ఇచ్చేద్దామే, నా కళ్లముందు ఎండి చచ్చిపోతే చూడలేను అన్నాడంట. బేరగాడు లారీ ఎక్కించిన ఎద్దు మళ్లీ ఏ చేలోనూ కనపడదని నాసరమ్మకి తెలీదా? తెలుసు. లేచి లోపలికి పోయింది.

పోయి, నల్లోడి పట్టెడ గోడకి వేలాడుతుంటే, చూడలేక అటక మీద పెడదామని తీసిందంట. మువ్వలు గల్లుమన్నాయి. కొట్టంలో ఎర్రోడు తలెత్తాడు! మళ్లీ ఆడించింది, మళ్లీ ఎత్తాడు. చేత్తో పట్టుకుని వాకిట్లో నడిస్తే మాత్రం లేవలేదనుకో. పక్కన ఎద్దంత ఆకారం ఉండాలి గానీ, మనిషి చేతిలో మువ్వలు మోగితే ఎద్దు నమ్ముతదా? అప్పుడామె కన్ను చూరుకింద మోటారు బండి మీద పడింది. ఈరయ్య పాలక్యాన్లు మోసిన పాత బండి అది, సీటు మీద కోడి పొదిగి కూర్చోనుంది. కోడిని గంపలోకి దించి, బండిని తోసుకుంటా మెకానిక్కు మస్తాను దగ్గరికి పోయిందంట. ఏం చేయాలి పిన్నీ అన్నాడు. ఇది ఎద్దు నడక నడవాలయ్యా అంది. వాడు పానా కిందపడేసి, "స్పీడు పెంచమని వచ్చేవోళ్లని చూశాగానీ, తగ్గించమని వచ్చింది నువ్వొక్కదానివే పిన్నీ!" అని పగలబడి నవ్వాడంట. నవ్వినా పని చేశాడు. వెనక పళ్లచక్రం పెద్దది వేశాడు, గొట్టం శబ్దం తగ్గించాడు. తతిమ్మాదంతా నాసరమ్మే చేసుకుంది. హ్యాండిలు కొసలకి నల్లోడి ఇత్తడి కొమ్ముకుప్పెలు తొడిగింది, లైటు చుట్టూ పట్టెడ కట్టింది, నల్లోడి పలుపుతాడు హ్యాండిలుకి చుట్టింది, వాడి వాసన పోకుండా. ట్యాంకుకి పసుపు పూసి కుంకం బొట్లు పెట్టింది. ఊరంతా చూసి ఈమెకి పిచ్చి పట్టిందన్నారంట. అననీ. కడుపులో బాధ ఉన్నోళ్లకి ఊరి నవ్వు ఏం లెక్క?

బండి నడపడం ఆమెకి వచ్చు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడే ఈరయ్య నేర్పాడు, అత్త కంట పడకుండా చేలగట్టు మీద. కొంగు బిగించి, బండి స్టార్టు చేసి, ఎర్రోడి పక్కన తెచ్చి నిలబెట్టింది. ఎర్రోడు లేచాడు. అయ్యో, లేచాడే అని ఆమె సంబరపడేలోగా, కొమ్ములు విదిలించి మొహం తిప్పుకున్నాడంట! మళ్లీ తెచ్చింది, మళ్లీ తిప్పుకున్నాడు. నాసరమ్మకి ఏడుపొచ్చింది. అప్పుడు మంచం మీంచి ఈరయ్య కేక, "ఒసే, బుద్ధుందా! ఎర్రోడు ఏ పక్క కట్టే ఎద్దు?" ఎడమపక్కే గదయ్యా అంది. "మరి బండిని తెచ్చి ఎడమపక్క పెడితే, వాడి చోటు వాడికి లేకుండా పోలే? నల్లోడి చోట్లో పెట్టవే, కుడిపక్క!" ఇన్నేళ్లూ అరక వెనక నడిచిన మనిషి, బండి ఎక్కేసరికి ఆ సంగతే మరిచింది చూడు. బండి తిప్పి కుడిపక్కకి తెచ్చింది. ఎర్రోడు బండిని వాసన చూశాడు. పలుపుని నాకాడు. కాలు ముందుకేశాడు.

ఇంక చూడాలిరా ఆ ఊరేగింపు! గల్లుగల్లుమని బండి, పక్కన భుజం రాసుకుంటా ఎద్దు. మిరపతోటల డొంకలో పోయారు, తాటితోపు దాటారు, తొలకరికి తడిసిన నల్లరేగడి వాసన పీల్చుకుంటా వాగు దాకా పోయారు. వాగొడ్డున లేతగరిక మొలిచుంటే, ఎర్రోడు వంగి ఒక కుచ్చు పీకి తిన్నాడంట. నాసరమ్మ బండి మీదే కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలీదు. రోజూ అదే దారి, అదే షికారు. వాడి డొక్కలు పూడుకున్నాయి, ఆమె మొహం విచ్చుకుంది.

ఏరువాక పున్నమి వచ్చింది. ఊరి మొగదల గోగునార తోరణం కట్టారు. ఎద్దుల్ని తోలుకుంటా దానికింద పోవాలి, చెర్నాకోలతో కొట్టి, రాలిన నార తెచ్చుకుని ఎద్దు మెడలో కట్టాలి, అప్పుడే ఆ ఏడు అరక కట్టేది. పెద్దకాపు రామినాయుడు చెయ్యి అడ్డంపెట్టాడంట. "ఏందమ్మాయ్ ఇది? జోడెద్దులే పోవాలి." జోడే గద మావా అంది. "దానికి ప్రాణముందా?" "నా ఎద్దు ప్రాణం నిలబెట్టింది, ఇంకేం ప్రాణం కావాలి మావా?" కుదరదు, బండి పక్కనబెట్టి ఎద్దునొక్కదాన్నే తోలుకో, ఈసారికి ఒప్పుకుంటాం అన్నాడు. పెద్దమనిషి మాటని ఆమె బండి ఆపింది. మువ్వ ఆగింది. ఎర్రోడు తోరణం ముందే నడిదారిలో కూలబడ్డాడు! తోక మెలిపెట్టారు, అదిలించారు, లేస్తేనా? వెనక ఊళ్లోని జోడెద్దులన్నీ ఆగిపోయినై. ఎండ మండుతోంది. నాయుడు గారి సొంత ఎద్దులే రంకెలేస్తుంటే, ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, "స్టార్టు చెయ్యవే తల్లీ, నీకు దణ్ణం!" అన్నాడంట. గల్లుమంది. ఎర్రోడు దుమ్ము దులుపుకుని లేచాడు. నాసరమ్మ ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో చెర్నాకోల, తోరణాన్ని ఒక్క దెబ్బ కొట్టిందీ, నార జడలా వచ్చి మీదపడింది. సగం ఎర్రోడి మెడకి కట్టింది, సగం హ్యాండిలుకి కట్టింది. ఊరు ఊరంతా ఈలలు.

తిరిగొచ్చేటప్పుడు ఏమైందంటే, వాగు దగ్గర బండిలో పెట్రోలు అయిపోయింది. ఏం చేస్తది? బండికి తాడేసి ఎర్రోడికి కట్టి, పట్టెడ ఒకసారి ఆడించింది. ఎర్రోడు జోడుని లాక్కుంటా ఇంటికి తెచ్చాడు. అది చూసి ఈరయ్య మంచంలోంచి లేవబోయి మళ్లీ కాలు బెణికించుకున్నాడంట, అది వేరే సంగతి.

ఇప్పటికీ ఆ బండిని కొట్టంలోనే కట్టేస్తది నాసరమ్మ. నల్లోడి గాడిలో కూడా గడ్డేస్తది, అది నిండకపోతే ఎర్రోడు మూతి పెట్టడంట. పొద్దున్నే చూస్తే రెండు గాడులూ ఖాళీ. బండి గడ్డి తిన్నదని నేననను. ఎర్రోడే రెండు వాటాలూ మేసి, ఏమీ ఎరగనట్టు నెమరేస్తా ఉంటాడు, దొంగనాయాలు.