నీలమ్మ తీగ

"ఇంత వగరు నేను ఏ నల్లద్రాక్షల చూడలే. తోలు నమిలితే నాలుకను పట్టుకుంటున్నది. ఎవరు పెట్టిన్రు ఈ తీగ?"

"నీలమ్మ, సాబ్. నా మొదటి పెండ్లాం."

పందిరి కింద గిన్నెలు కడుగుతున్న శివమ్మ చెయ్యి ఆగింది. శరణప్ప ఆమెను రెండో పెళ్లి చేసుకుని ఎనిమిదేళ్లయింది. ఎవరు వచ్చినా ఆయన ఒక పండు చేతిలో పెట్టి, ఆ నలుపు చూడమంటాడు, ఆ వగరు చూడమంటాడు. చివరికి నీలమ్మ పేరు చెబుతాడు. బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకోవచ్చు. చచ్చిపోయిన మనిషితో ఎట్లా పోట్లాడాలో శివమ్మకు తెలియలేదు.

అడిగినతని పేరు అమర్నాథ్. హైదరాబాదు వ్యవసాయ శాఖలో రసాయన పరీక్షలు చేస్తాడు. రంగూ వగరూ ఎక్కువున్న పాత నల్లద్రాక్ష రకాలు ఎక్కడ మిగిలాయో వెతుకుతూ 1946 వేసవి మొదట్లో జహీరాబాదు స్టేషన్లో దిగాడు. ద్రాక్షసారాయికి అలాంటి పండే కావాలట. లింగాయతుల ఇంట్లో సారాయి మాట వద్దని శరణప్ప మొహం ముడుచుకుంటే, దవాఖాన మందుకేనని నచ్చజెప్పాడు. ఈ పండుకు రంగంతా తోలులోనే ఉంటుందనీ, వగరు తోలులోనూ గింజలోనూ ఉంటుందనీ చెప్పి, తోళ్లు వలిపించి వేడినీళ్లలో నానబెట్టించాడు. ఆ నీళ్లలో అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపితే కరక్కాయ సిరాలాగా నల్లబడతాయట. ఎంత నలుపైతే అంత వగరట.

"పాత కాపువి ఎండుపండ్లున్నా ఇయ్యుండ్రి. పక్కపక్కన పెట్టి చూద్దాం."

శరణప్ప లోపలికి పోయి చిన్న జాడీ తెచ్చాడు.

"నీలమ్మ ఎండబెట్టినయి. తొమ్మిదేండ్లాయె."

"ఎక్కడిది అది?" అంది శివమ్మ.

"సందుగుల ఉండె."

"నాకు చెప్పలే."

"నువ్వడగలే."

"ఎందుకు దాచినవ్?"

"ఉండనియ్యి."

ఎనిమిదేళ్లు, ఆ పెట్టెలో తన చీరల కిందే, ఆ పండ్లు. కోపంతోపాటు భయమూ పట్టుకుంది. పెళ్లయిన మరుసటేడు వానలు లేవు, బావి ఎండింది. జ్వరంతో శరణప్ప బీదర్ దవాఖానలో నెలరోజులు పడి ఉండగా నీలమ్మ తీగ వేరుతో సహా ఎండిపోయింది. లేచి వచ్చిన మనిషి ఆ ఎండు మోడు చూస్తే మళ్లీ మంచం పడతాడని శివమ్మ న్యాల్‌కల్‌లో పుట్టింటికి పోయి, అమ్మ వాకిట్లోని ద్రాక్షతీగ నుంచి వేరుపట్టిన కొమ్మ తెచ్చి అదే గుంతలో నాటింది. మొదలుకంటా నరికితే మళ్లీ చిగురేసిందని ఆయనకు చెప్పింది. నాలుగేళ్లుగా కాస్తున్నది ఆ కొమ్మే.

పాత పండ్ల తోళ్లు కూడా నానబెట్టించి, అమర్నాథ్ రెండు గాజు గిన్నెల్లోనూ అన్నభేది నీళ్లు వేశాడు. పాతది కాస్త మసకబారి ఆగిపోయింది. కొత్తది చూస్తుండగానే సిరా అయింది.

"రెండు ఒక్క తీగవేనా?"

"ఎండి చాన ఏండ్లాయె గద, సత్తువ పోయిందేమో," అని అతనే సర్దుకుని బుక్కు తెరిచాడు. శివమ్మ నోరు మూసుకుంటే అక్కడితో అయిపోయేది.

"తీగ పేరేమని రాయాలె?"

"నీలమ్మ తీగ అని రాయుండ్రి," అన్నాడు శరణప్ప.

"రాయకుండ్రి సాబ్."

"ఏందే?"

"అది అక్క తీగ గాదు. అక్క తీగ నువ్వు దవాఖానల ఉన్నప్పుడే సచ్చింది. ఇది మా అమ్మింటిది. నేను తెచ్చిన, నేను పెట్టిన. మన బాయి ఎండితే ఊరి చేదబావి కాడికెల్లి కడవలు మోసింది నేను. అబద్ధం చెప్పిన, ఏమంటవో అను. ఆమె పేరు మాత్రం రాయియ్య."

శరణప్పకు కోపం రాలేదు. గుత్తిలోంచి ఒక పండు తెంపి, తోలుతో సహా నెమ్మదిగా నమిలాడు.

"ఎరుకే," అన్నాడు.

"ఏం ఎరుక?"

"మొదటి కాపుకే ఎరుకైంది. నీలమ్మ పండు పల్చటి తోలు. వట్టి తీపి."

"మరి ఒక్కనాడు అనకపోతివి?"

"నా కోసం దాచినవ్. నేను బయటపెడితే చిన్నబోతవనుకున్న. నువ్వే చెప్తవని చూసిన."

"చూసుకుంట చూసుకుంట నాలుగేండ్లు ఆమెనే పొగిడినవ్. నా ముందట్నే."

"ఏమని పొగిడిన?"

శరణప్ప ఇంకో పండు తెంపి ఆమె చేతిలో పెట్టాడు.

"ఆ నలుపు చూడుమన్న, ఆ వగరు చూడుమన్న. అవి ఆమె పండుకు ఎన్నడున్నయ్? పొగిడిందంత నీ పండునే, శివమ్మా. పేరొక్కటే ఆమెది."