హంస్లి టీచర్ అనిపిచ్చిన మాట

ఏంది సాయిలతా, చాయ్ మీద మీగడ కడుతాంది, తాగవ్? కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాక బస్సెక్కి వచ్చింది గీ మొగం చూపెట్టెతందుకేనా? ... ఓ, గదా సంగతి! నర్సింగు పిల్లలకు టీచరువైతివి, వార్డుల పెద్ద సిస్టరు నీ క్లాసు పిల్లను పేషెంట్ల ముందట ఆగమాగం తిడుతాంటె గోడకు ఆనుకొని నిలబడ్డవ్. ఇప్పుడా పిల్ల పెట్టె సర్దుకొని ఇంటికి, బీర్కూర్ పోత అంటాంది. గంతేనా? గీ రోగం కొత్తదేం గాదు. దీని మందు మా హంస్లి టీచర్ కాడ ఉండె.

పెద్దకొడప్‌గల్ దిక్కు తండామె, మా నర్సింగు బడికి పెద్ద టీచరు. నువ్వు పుట్టకముందే పోయింది. పొట్టిమనిషి, నవ్విందంటె వార్డంత వినబడేది. నేను, నా జతగత్తె మాలతి అప్పుడే ఆమె చేతికింద టీచర్లమైనం. భూదేవి అని సీనియర్ సిస్టరుండె, నోరు తెరిస్తె నిప్పులే. డ్యూటీ మారేటప్పుడు ఓ పిల్లను నడుమ నిలబెట్టి, "దుప్పటి పరుసుడు రాదు, నువ్వేం నర్సువే? పోయి బర్లు కాసుకో" అన్నది. అందరు కిసకిస నవ్విండ్రు. మాలతి అప్పుడు సప్పుడు చెయ్యలె. బయటికచ్చినంక పిల్ల వీపు నిమిరి, "ఓర్చుకో బిడ్డా, మేం పడలేదా?" అన్నది. మంచిమాటే చెప్పిన అనుకున్నది పాపం!

గది హంస్లి టీచర్ చెవుల పడ్డది. ఇగ జూడు! టీచర్లందర్ని క్లాసుల నిలబెట్టి తలుపేసింది. "మాలతీ, నువ్వు స్టూడెంటువి, నేను భూదేవిని" అని అందుకున్నది. అమ్మో, అచ్చం భూదేవే! గా మెడ తిప్పుడు, గా ఎక్కిరింపు! మాలతి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అప్పుడు హంస్లి టీచరే మాలతి వీపు నిమిరి, "ఓర్చుకో బిడ్డా, మేం పడలేదా?" అన్నది. "ఎట్లున్నదే?" "పుండు మీద కారం సల్లినట్టున్నది మేడం." "మరి గా పిల్లకెట్లుంటది? సూది ఏసుడు పిల్లలకు ముందుగాల బొమ్మ మీద నేర్పుతం. నోరు తెరుసుడు మనకెవ్వలు నేర్పాలె?" అని పొద్దంత మాతోని ఒక్కటే మాట అనిపిచ్చింది. కొట్లాట గాదు, బతిమాలుడు గాదు. "సిస్టర్, తప్పుంటె నేర్పుదాం. పేషెంట్ల ముందట గట్ల అనొద్దు. పిల్లతోని నేనున్న." గొంతు వణికితె మళ్ల అనుడే.

తెల్లారి మాలతి పోయి భూదేవి ముందట ఆ పిల్ల పక్కన నిలబడి గదే మాట అన్నది. భూదేవి మొగం ఎర్రగైంది, ఏందో గొణుక్కుంట పక్క మంచం దిక్కు పోయింది. మారిందా అంటవా? యాడ మారుతది! గని మళ్ల పిల్లల జోలికి రాలె. ఆ పిల్ల సదువు ఇడిసిపెట్టలె.



సరె, చాయ్ పక్కకు పెట్టు. లే. ఈడ నిలబడు. మెడ వంచకు. నేను మీ పెద్ద సిస్టర్‌ను. "ఏమే, గీ పిల్లకు ఏం నేర్పినవే నువ్వు?" ... ఊఁ, అను. వినబడలె. మళ్ల అను.