నీటి నుంచి నీటికి

2002 మార్చి 4వ తేదీన శ్రీమతి ప్యో సున్‌దొక్ గారు దక్షిణ కొరియాలోని వాందో దీవిలో ఉన్న మా సంస్థలో, విమాన సరుకుల విభాగంలో చేరారు. అప్పటికి ఆవిడ చేతిలో ఉన్న పెట్టుబడి రెండే: విమానాశ్రయంలోని సరుకుల కౌంటరులో గడించిన అనుభవం, పైవాళ్లతో పడక అక్కడ మానేశారన్న పేరు. రెండూ మాకు లాభించాయి. రెండోది ఇంకాస్త ఎక్కువ.

మా సరుకు బతికున్న ఆబలోన్లు, అంటే ఖరీదైన వంటలకు వాడే సముద్రపు గుల్లలు. ఇంచోన్ విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌కు పదకొండు వేల కిలోమీటర్లు, పద్నాలుగు గంటల ప్రయాణమని కొనేవాళ్లకు చెప్పి, సరుకు పంపి, చేతులు కాల్చుకుంటున్న రోజులవి. ఆవిడ వచ్చిన వారానికే ఆ పద్ధతికి అడ్డం తిరిగారు.

"విమానం ఎప్పుడు లేస్తే మనకేంటి, ఎప్పుడు దిగితే మనకేంటి? గుల్ల మన తొట్టిలోంచి బయటికొచ్చి వాళ్ల తొట్టిలో పడేదాకా ఎంతసేపో అది చెప్పండి!"

ఇక్కడి నుంచి వ్యాను, ఇంచోన్‌లో తనిఖీ, అవతల సుంకాల గది, అన్నీ కలిస్తే ముప్పై గంటలు దాటింది. నాటి నుంచి మేము కొనేవారికిచ్చే మాట ఆ లెక్క మీదే నిలిచింది.

2009లో ఆవిడ విభాగాధిపతి అయ్యారు. ఆ చలికాలమే తాక్ చైర్మన్ గారు, మధ్యలో ఆగి వెళ్లే చవక విమానానికి సరుకు మార్చమన్నారు. ఆవిడ సంతకం పెట్టలేదు.

"దూరం పెద్దగా పెరగదుగా, ఏమిటి నీ పట్టుదల?"

"దూరం పెరగదండీ. ఆగినచోట పెట్టెలు పూటంతా పడుంటాయి. గుల్లలు చస్తాయి."

"సంతకం పెడతావా, ఇంటికెళ్తావా?"

"ఇంటికే వెళ్తాను. ముందు ఒక పెట్టె మీ గదిలో పెడతాను. అన్నీ బతికితే ఆ మర్నాటి నుంచి రాను."

పంపే పద్ధతిలోనే, మంచు పొట్లాలతో సహా కట్టిన పెట్టెను ఆయన బల్ల పక్కన పెట్టించి, ఆ మార్గానికి పట్టేంతసేపూ అక్కడే ఉంచారు. తెరిచినప్పుడు మేమంతా ఉన్నాం. సగం కదిలాయి, సగం కదల్లేదు.

"చూశావా, సగం బతికే ఉన్నాయి!" అన్నారు చైర్మన్ గారు.

"మరి చచ్చిన సగం ఎవరికి పెడదామండీ? కొన్నవాళ్లకా, మీకా? చెప్పండి, వాటితోనే జావ కాయిస్తాను."

మూత ఆయనే మూశారు. "నేరుగా వెళ్లేదానికే వెయ్యి. నీతో వేగలేనమ్మా!"

2022లో యుద్ధం వల్ల ఉత్తరాన రష్యా గగనతలం మూతపడి విమానాలు చుట్టు తిరగవలసి వచ్చినప్పుడు, సమయం పెరిగిందని అందరికంటే ముందు ఆవిడే కొనేవాళ్లకు తెలియజేశారు. ఇద్దరు మమ్మల్ని వదిలిపోయారు. "పోనివ్వండి. అబద్ధం చెబితే తప్ప నిలవనివాళ్లు మనకెందుకు?" అన్నారు.

ఇలాంటి పదవీ విరమణ సంచికల్లో 'అందరి సహకారంతో' అని రాయడం ఆనవాయితీ. నేను రాయను. ఆవిడ చాలాసార్లు మా సహకారం లేకుండానే గెలిచారు. డైరెక్టరు కుర్చీ మాత్రం రాలేదు. తలూపి ఉంటే వచ్చేది. ఆవిడ దాన్ని నష్టంగా ఎన్నడూ చూడలేదు, మేమూ చూడబోము.

సున్‌దొక్ గారూ, మోకాళ్ల నొప్పి తగ్గి, కుటుంబంతో ఆయురారోగ్యాలు అనుభవిస్తూ, నచ్చనిదాన్ని కాదంటూనే మీరు నిండు నూరేళ్లు జీవించాలి. మీ వల్ల మాకు మిగిలింది ఇదీ: సరుకు ఫలానా వేళకు చేరుతుందని మేము చెబితే, న్యూయార్క్‌లోని వంటవాడు ఇంకెవరినీ అడగకుండా ఆ వేళకు తొట్టిలో నీళ్లు నింపి ఉంచుతాడు.